మా హైడ్రాలిక్స్ సార్ ఇక లేరు: ఆయన దగ్గర చదివినవాళ్లు ఇక్కడ రాయండి

కరకట్ట | సోమవారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. మనకు హైడ్రాలిక్స్, ఆ తర్వాత ఇరిగేషన్ స్ట్రక్చర్స్ చెప్పిన సార్ నిన్న తెల్లవారుజామున పటమటలోని ఇంట్లో కన్నుమూశారు. తన పేరు ఎక్కడా వేయొద్దని ఆయనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచారట. అందుకే నేనూ రాయడం లేదు. ఇక్కడున్న సివిల్ వాళ్లకు ఆయనెవరో చెప్పనక్కర్లేదు.

నేను నీటిపారుదల శాఖలో చేరి రిటైర్మెంట్ దాకా వచ్చాను. ఉద్యోగంలో నాకు పనికొచ్చిన చదువు ఏదని ఎవరైనా అడిగితే ఆయన చెప్పినదే అంటాను. మిగతా సబ్జెక్టులు పరీక్షలు కాగానే పోయాయి. ఆయన చెప్పింది మాత్రం ఈ రోజుకీ పోలేదు.

ఆయన క్లాసు బోర్డు మీద మొదలయ్యేది కాదని మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కాలేజీ తెరిచిన కొద్ది రోజులకే పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదకు రమ్మనేవారు. సీతానగరం వైపు నుంచి నడిపించుకొచ్చి, ఏదో ఒక గేటు దగ్గర ఆపి, రెయిలింగు పట్టుకుని కిందకు చూడమనేవారు. "ఈ గేటు వెడల్పు 40 అడుగులు, ఎత్తు 12 అడుగులు. ఇవతల నీళ్లు నిండుగా ఉన్నాయి, అవతల పొడిగా ఉందనుకోండి. నీళ్లు ఈ గేటును ఎంత బలంతో తోస్తున్నాయి?" అని అడిగేవారు. కాగితం, పెన్ను తీయనిచ్చేవారు కాదు. ముందు అందాజుగా చెప్పమనేవారు. ఒకరు రెండు టన్నులు అంటే ఇంకొకరు పది అనేవాళ్లు. అందరూ చెప్పాక అప్పుడు లెక్క కట్టించేవారు. పైన పీడనం సున్నా, అడుగున పూర్తిగా ఉంటుంది కాబట్టి సగటు తీసుకుని గేటు వైశాల్యంతో గుణిస్తే సుమారు 82 టన్నులు. ఆ మొత్తం తోపు అడుగు నుంచి నాలుగు అడుగుల ఎత్తులో ఉన్నట్టు లెక్క. ఇంటర్ నుంచి "హెచ్ బై త్రీ" అని బట్టీ పట్టిన ముక్క అదేనని అక్కడ నిలబడ్డప్పుడు తెలిసేది. ఇలాంటి గేట్లు మొత్తం 70 ఉన్నాయని చెప్పి ముందుకు కదిలేవారు.

ఆ తర్వాత అసలు ప్రశ్న. ఆనకట్ట ఇక్కడే ఎందుకు కట్టారు? ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క సీతానగరం కొండ, మధ్యలో నది ఇరుకవుతుంది. ఆ సంగతి అందరూ చెప్పేవాళ్లు. "మరి నది అడుగున ఏముంది?" అనేసరికి నోళ్లు మూతపడేవి. ఉన్నది ఇసుక. 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తిచేసిన పాత ఆనకట్ట దాదాపు నూరేళ్లు కృష్ణా డెల్టాకు నీళ్లిచ్చింది. 1952లో దానికి గండి పడ్డాక 1954 నుంచి 1957 మధ్య ఈ బ్యారేజీ వచ్చింది. కట్టడం కింది నుంచి ఊరే నీరు అవతల ఇసుకను కొంచెం కొంచెంగా లాక్కుపోతే పునాది కింద గుల్ల అవుతుంది. పైన చూస్తే ఏమీ తెలియదు. ఇలా కింద ఊరే నీటికి లెక్క కట్టిన బ్లై ఏమన్నాడు, ఆయన లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత వచ్చిన ఖోస్లా ఎలా చూపించాడు, దిగువ చివర షీట్ పైల్, అంటే ఇసుకలోకి నిలువుగా దిగే రేకుగోడ, ఎందుకు దించాలి... ఇవన్నీ ఆ ఫుట్‌పాత్ మీదే, లారీల హారన్ల మధ్య చెప్పారు. పుస్తకం తెరిచేసరికి మాకు సగం తెలిసిపోయి ఉండేది.

నాకు రాయాల్సింది ఇంకా ఉంది. ముందు మీరు రాయండి.


వేదిక నిర్వాహకులు | సోమవారం ఉదయం 7:40

ఈ చర్చను పైన పిన్ చేస్తున్నాం. ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. కార్యక్రమాల వివరాలు కావాలంటే కరకట్ట గారికి విడిగా మెసేజ్ పెట్టండి.


శివారు ఆయకట్టు | సోమవారం ఉదయం 8:25

వార్త చూసినప్పటి నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి ఏడాది క్లాసులో నోరు తెరిచిన గుర్తు లేదు. సార్ ల్యాబ్ వైవాలో హైడ్రాలిక్ జంప్ అంటే ఏంటని అడిగారు. నాకు తెలుసు, కానీ మాట రాలేదు. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, "నీళ్లు ఏం చేస్తాయో తెలుగులో చెప్పు, ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. గేటు కింది నుంచి నీళ్లు పల్చగా, జోరుగా వస్తాయండి, కాస్త దూరం పోయాక ఉన్నట్టుండి పైకి లేచి సుళ్లు తిరిగి నెమ్మదిస్తాయండి, ఆ సుళ్లలోనే వాటి జోరంతా ఖర్చయిపోతుందండి, అది జరక్కపోతే ఆ జోరు నది అడుగుని తవ్వేస్తుందండి అని చెప్పాను. "ఇంతకంటే ఎవరైనా ఏం చెప్తారు?" అన్నారు. పక్కన నిలబడ్డ మిగతా ముగ్గురికీ నా చేత మళ్లీ చెప్పించారు.

అంతటితో వదిలిపెట్టలేదు. ఆ సెమిస్టర్ అంతా, ఆ వారం చదివినదాని మీద ఒక పేజీ ఇంగ్లీషులో రాసి శనివారం తెమ్మన్నారు. తప్పులు దిద్ది సోమవారం ఇచ్చేవారు. నాకొక్కడికే చేశారని అప్పట్లో అనుకున్నాను. నాలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు ఉన్నారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మా పొలం కాలువ చివరన ఉంది. నీళ్లు అందక నాన్న రాత్రిళ్లు లాకుల దగ్గర పడుకోవడం చూసి పెరిగాను. ఒకసారి ఆ మాట చెప్తే సార్ మా నాన్న గురించి ఎన్ని ప్రశ్నలు అడిగారో! తూము ఎంత వెడల్పు, లస్కర్ (కాలువ కాపలా మనిషి) ఎప్పుడు వస్తాడు, పైన ఎవరు అడ్డం వేస్తారు, నాట్లప్పుడు నీళ్లు ఎన్నో రోజుకి అందుతాయి. తర్వాతి వారం కాలువ డిజైన్ లెక్కలో మా ఊరి తూమునే ఇచ్చారు. మా నాన్న పడే కష్టం కూడా ఇంజనీరింగ్ లెక్కేనని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం అదే.


డంపీలెవెల్ | సోమవారం ఉదయం 10:03

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. సార్ అంటే నాకూ గౌరవమే. కానీ ఆయనంటే భయపడ్డవాళ్లు కూడా ఉన్నారు. జవాబు మొత్తం సరిగ్గా ఉండి చివర యూనిట్ రాయకపోతే సున్నా వేసేవారు. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడికి అలాగే సబ్జెక్టు మిగిలిపోయి, క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చోనివ్వలేదు. వాళ్లింట్లో ఉద్యోగం చాలా అవసరం. ఆ ఏడాది వాడు పడ్డ టెన్షన్ నేను పక్కనుండి చూశాను. అందరూ మంచే రాస్తున్నారు కాబట్టి ఈ మాటా ఉండాలని రాస్తున్నాను.


బ్రాడీపేట | సోమవారం ఉదయం 11:30

డంపీలెవెల్ గారూ, మీరు రాసింది రాయాల్సిందే. ఆ అబ్బాయికి జరిగింది చిన్న నష్టం కాదు. మార్కులు కొన్ని తగ్గిస్తే సరిపోయేది, సున్నా వేయడం ఎక్కువే అని నాకూ అనిపిస్తుంది.

యూనిట్ల దగ్గర మాత్రం నేను సార్ పక్షమే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, క్యుమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు, రెండింటికీ 35 రెట్లు తేడా. ఫోన్లో "పద్నాలుగు వేలు" అని మాత్రమే చెప్పి పెట్టేస్తే అవతలివాళ్లు ఏమని రాసుకోవాలి? 1999లో అమెరికా వాళ్లు కుజుడి దగ్గరకు పంపిన ఉపగ్రహం పోయింది కూడా రెండు బృందాలు రెండు రకాల యూనిట్లు వాడటం వల్లే.

ఇక నా సంగతి. మా గుంటూరులో ఆడపిల్ల సివిల్ తీసుకుంటానంటే "కంప్యూటర్స్ ఉండగా మట్టిలో పనెందుకమ్మా" అనే రోజులు. చేరాను సరే, సర్వే క్యాంపుకి, సైట్ విజిట్లకి మాత్రం నాన్న వద్దన్నారు. అమ్మాయిలకు రికార్డు చూసి రాసుకునే వీలు ఉందని కాలేజీలో కూడా ఎవరో చెప్పారు. సార్ ఒప్పుకోలేదు. ఆదివారం బస్సెక్కి బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చారు. మజ్జిగ తాగి, నాన్నతో చాలాసేపు ఊసులాడి, లేచేటప్పుడు అన్నారు: "మీ అమ్మాయి డాక్టరు కోర్సులో చేరి ఉంటే ఆసుపత్రికి పంపను అంటారా అండీ?" నాన్న ఏమీ అనలేదు. మర్నాడు నాకు బూట్లు కొనడానికి డబ్బులిచ్చారు.

క్యాంపులో స్టాఫ్ (కొలత గీతల కర్ర) పట్టుకుని నిలబడే పని అమ్మాయిలకు, లెవెల్ (ఆ గీతలు చదివే దుర్భిణి) చూసే పని అబ్బాయిలకు అని ఎవరో పంచేశారు. సార్ వచ్చి చూసి మార్పించారు. దాని గురించి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "ఇప్పుడు మీరు చూడండి, వాళ్లు పట్టుకుంటారు" అని ఊరుకున్నారు.


కీబోర్డు సివిల్ | సోమవారం మధ్యాహ్నం 1:15

సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయినవాళ్లలో నేనొకణ్ణి. చెప్తే కోప్పడతారనుకున్నాను. "ఎక్కడున్నా లెక్క వేసేముందు జవాబు ఎంత రావచ్చో అనుకుని వెయ్యి" అన్నారు. అంతే. ఆ అలవాటు నాకు ఇప్పటికీ రోజూ అక్కరకొస్తోంది.


ల్యాబ్ పాతమనిషి | సోమవారం సాయంత్రం 5:48

నేను మీ ఎవరికీ పాఠం చెప్పినోణ్ణి కాదు. ఆ కాలేజీ హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా మనవడి చేత టైపు చేయిస్తున్నాను.

సారు చేరినప్పుడు ల్యాబ్‌లో ఫ్లూమ్, అంటే నీళ్లు పారించి చూసే పొడవాటి తొట్టి, ఉండేది కానీ మోటారు పాడైపోయి చాలా కాలంగా మూలన పడుంది. కొత్తది కావాలని రాస్తే వచ్చేసరికి ఏళ్లు పడుతుందని, ఆటోనగర్‌లో మెకానిక్కు దగ్గరకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆయన ప్యాంటు మడిచి కింద కూర్చుని వాల్వులు విప్పుతుంటే మెకానిక్కు "మీరు కాలేజీలో ఏం పనండీ" అని అడిగాడు. "ఈయన అసిస్టెంటుని" అని నన్ను చూపించారు. నాకు సిగ్గేసింది, కానీ ఆయన ఊరికే అన్లేదు. ల్యాబ్‌లో ఏ మార్పు చేయాలన్నా ముందు నన్ను అడిగేవారు.

ఇసుక ప్రయోగం ఆయన సొంతంగా తయారు చేసిందే. అద్దాల తొట్టిలో ఇసుక పోసి మధ్యలో రేకు నిలబెట్టేవాళ్లం. ఒక పక్క నీళ్లు పెంచుకుంటూ పోతే కాసేపటికి ఇంకో పక్క ఇసుక గంజి పొంగినట్టు పొంగేది. రేకు కొంచెం లోపలికి దించితే ఆగిపోయేది. పిల్లలు గోల గోలగా చూసేవాళ్లు. ఆ రేకు ఎంత దించితే ఎంత నీరు ఆగిందో నా చేతే రాయించేవారు. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది.

ఇంకో మాట. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పిల్లల్ని బందరు కాలువలోకి దింపి అడుగు చూపించేవారు. నీళ్లున్నప్పుడు కనపడనిది అప్పుడు కనపడుతుందని. మళ్లీ నీళ్లు వదిలాక అదే చోటికి తీసుకొచ్చి ఖాళీ కొబ్బరి బొండాం వదిలి టైం చూడమనేవారు.


కరకట్ట | సోమవారం రాత్రి 9:20

బాబాయ్, మీరు రాయడం మాకెంత సంతోషమో చెప్పలేను. ఆ తొట్టి పక్కన మీరు నిలబడి ఉండటం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ నోటుబుక్కు జాగ్రత్తగా ఉంచండి, దాని గురించి మాట్లాడుకుందాం.

సార్ ఎప్పుడూ కె.ఎల్.రావు గారి గురించి చెప్తుండేవారు. కంకిపాడులో 1902లో పుట్టి, చిన్నప్పుడే ఒక కన్ను పోగొట్టుకుని, రంగూన్‌లో పాఠాలు చెప్పి, నాగార్జునసాగర్ డిజైన్‌లో పాలుపంచుకుని, విజయవాడ నుంచి పార్లమెంటుకెళ్లి కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయిన మనిషి. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. మంత్రి అయ్యారన్నదాని కంటే ఆయన కాంక్రీటు మీద పాఠ్యపుస్తకం రాశారన్న సంగతే సార్‌కు గొప్పగా అనిపించేది. తెలిసింది తర్వాతివాళ్ల కోసం రాసిపెట్టాలని మాకు చెప్పేవారు.


సెకండియర్ సివిల్ | సోమవారం రాత్రి 11:02

నమస్తే అండీ. నేను ఇప్పుడు కానూరు దగ్గర ఒక కాలేజీలో చదువుతున్నాను. మీరు రాసినవన్నీ మొదటి నుంచి చదివాను. మాకు ఫ్లూయిడ్ మెకానిక్స్ మొత్తం స్లైడ్ల మీదే అయిపోయింది. ల్యాబ్ రీడింగులు సీనియర్ల రికార్డు నుంచి వచ్చాయి. బ్యారేజీ మీద రోజూ బండి మీద వెళ్తాను, కానీ ఎప్పుడూ ఆగలేదు. ఇలాంటి సార్ లేనివాళ్లం ఎక్కడ మొదలుపెట్టాలి?


బ్రాడీపేట | మంగళవారం ఉదయం 6:15

తమ్ముడూ, వార్తల్లో వచ్చే అంకెలతో మొదలుపెట్టు. నీకొక లెక్క చూపిస్తాను. 2024 వరదప్పుడు సార్ నాతో వేయించినదే ఇది.

ఆ సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరులో వచ్చింది 11.10 లక్షలు, అంటే అదీ దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక అంటూ ఏదీ లేదు. మొదటిది 3.97 లక్షలకి, రెండోది 5.69 లక్షలకి ఇస్తారు. ఆ పైన ఎంతొచ్చినా రెండోదే. డ్యూటీ మధ్యలో సార్‌కు ఫోన్ చేశాను. అప్పటికే ఆయన మంచం మీద ఉన్నారు. ధైర్యం చెప్తారనుకున్నాను. "గేజి ఎంత? గంట కింద ఎంత?" అని నీటిమట్టం అడిగారు. చెప్పాను. "బ్యారేజీలో నిల్వ 3.07 టీఎంసీ కదా, ఈ వరదకి అదెంతసేపటి నీళ్లు?" అన్నారు.

నువ్వూ వెయ్యి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. 11.43 లక్షలంటే రోజుకి దాదాపు 99 టీఎంసీలు. దాని ముందు 3.07 టీఎంసీ అంటే ముప్పావుగంట నీళ్లు. నీళ్లు బ్యారేజీలో ఎందుకు ఆపలేదని ఆ రోజుల్లో చాలామంది అడిగారు. ముప్పావుగంట నీళ్లు పట్టే చోట వరదను ఆపడం కుదరదు, ఎంత వస్తే అంతా వదలాలి. మా అపార్ట్‌మెంట్ వాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఎవరూ మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు అని కూడా అలాగే మ్యాపు గీసి చెప్పాల్సొచ్చింది.

అదే వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలి కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. నువ్వు బండి ఆపి చూడాల్సింది అదే. గేటు బరువుకు సాటిగా అవతల బరువు వేలాడుతుంది కాబట్టే మోటారు అంత భారం ఎత్తక్కర్లేదు. ఆ బరువు పోతే మోటారు మీద ఎంత పడుతుందో ఆలోచించు.


డంపీలెవెల్ | మంగళవారం ఉదయం 8:40

తమ్ముడికి నా తరఫున ఒకటి. సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి వచ్చిన జవాబును ఒకసారి చేత్తో సరిచూసుకో. సార్ కంప్యూటర్ దండగ అనేవారని కొందరు అంటారు, అది నిజం కాదు. ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెకు, చేత్తో వేసిన అంకెకు దగ్గర పోలిక లేకపోతే రెండూ నమ్మొద్దనేవారు. ఇన్నేళ్లుగా డిజైన్ ఆఫీసులో నేను చేస్తున్నది అదే.

నిన్న రాసినదాని మీద నా అభిప్రాయం మారలేదు. సార్ మీద ప్రేమా తగ్గలేదు.


శివారు ఆయకట్టు | మంగళవారం మధ్యాహ్నం 12:10

సార్ పేరు మీద గోల్డ్ మెడల్ పెడదామని వాట్సాప్ గ్రూపులో కొందరు అంటున్నారు. నాకు అంత ఇష్టం లేదు. మెడల్ ఎలాగూ మొదటి ర్యాంకు వాడికే వెళ్తుంది. సార్ కూర్చోబెట్టి చెప్పింది వెనక బెంచీల్లో నోరు విప్పనివాళ్లకి. ఆ డబ్బుతో ప్రతి ఏడాది ఈ చుట్టుపక్కల కాలేజీల పిల్లల్ని బ్యారేజీకి, లాకుల దగ్గరకు, వేసవిలో ఎండిన కాలువలోకి తీసుకెళ్దాం. చెప్పడానికి మనలో డిపార్ట్‌మెంట్ వాళ్లే ఉన్నారు కదా. పర్మిషన్లు ముందుగా తీసుకోవాలి, వరద రోజుల్లో వద్దు.


కరకట్ట | మంగళవారం మధ్యాహ్నం 12:55

నేను సిద్ధం. పర్మిషన్ల పని నాది. బాబాయ్ దగ్గరున్న నోటుబుక్కు, సార్ ఇంట్లో ఉన్న గేజి పుస్తకాలు స్కాన్ చేయాలి. ఆయన బ్యారేజీ నీటిమట్టం పొద్దున్నే పేపర్లో చూసి రాసుకునేవారు, వీలైనప్పుడు స్వయంగా వెళ్లి చూసి పక్కన ఇంకో వరస రాసేవారు. అమ్మగారిని అడిగాను, పిల్లలకు పనికొస్తాయంటే తీసుకోమన్నారు. స్కానింగ్‌కి గుంటూరు, విజయవాడల్లో ఉన్నవాళ్లు కావాలి.


ల్యాబ్ పాతమనిషి | మంగళవారం సాయంత్రం 6:20

అద్దాల తొట్టి మళ్లీ చేయాలంటే కొలతలు నాకు తెలుసు. నిలబడి చేయలేను గానీ కుర్చీ వేస్తే పక్కనుండి చేయిస్తాను.


సెకండియర్ సివిల్ | ఆదివారం ఉదయం 10:47

ఈ రోజు నేను, మా ఫ్రెండ్స్ ఇద్దరూ కలిసి మా కాలేజీ వెనక పంటకాలువ దగ్గర చేశాం. 30 మీటర్లు టేపుతో కొలిచి రెండు చోట్లా కర్రలు పాతాం. ఖాళీ బొండాం వదిలితే సగటున 62 సెకన్లు పట్టింది. కాలువ వెడల్పు 4 మీటర్లు, లోతు 0.9 మీటర్లు. పైన నీళ్ల వేగం సెకనుకు 0.48 మీటర్లు వచ్చింది. అడుగున నెమ్మదిగా ఉంటుంది కాబట్టి 0.85తో గుణించాం. మొత్తం 1.48 క్యుమెక్కులు, అంటే 52 క్యూసెక్కులు. లెక్క వేయకముందు నేను 20 అనుకున్నాను, ఫ్రెండ్ 200 అన్నాడు. మా అంకె కరెక్టేనా అండీ?


బ్రాడీపేట | ఆదివారం ఉదయం 11:05

యూనిట్లు అన్నీ రాశావు, చాలా సంతోషం. లోతు ఒక్క చోటే తీశావా, అడ్డంగా నాలుగైదు చోట్ల తీశావా? గట్టు దగ్గర తక్కువ ఉంటుంది కదా. బొండాం నడిమధ్యన వదిలారా, పక్కన వదిలారా?


సెకండియర్ సివిల్ | ఆదివారం ఉదయం 11:09

లోతు మధ్యలో ఒక్క చోటే తీశామండీ. బొండాం కూడా మధ్యలోనే. సాయంత్రం ఎండ తగ్గాక మళ్లీ వెళ్తున్నాం.


కరకట్ట | ఆదివారం ఉదయం 11:30

నేను కానూరుకి దగ్గర్లోనే ఉంటాను. అయిదింటికి వస్తాను, లొకేషన్ పంపించు. ఎవరికైనా ఈత రాకపోతే గట్టు మీదే ఉండమను. లోతు కొలిచే కర్ర నేను తెస్తాను.